జారిన ఎరుపు

పోయిన సోమవారం ఉదయం పదకొండు ఇరవైకి మాదాపూర్‌లో కంటి డాక్టరు గది బయట కూర్చున్నాను. చుక్కలమందు వేయడంతో అంతా మసకగా ఉంది. ఎదుటి గోడ మీద ఎండ పడి ఎరుపు రంగు ఒకటి వెలిగింది. అది ఒక స్త్రీ పెదవి అని కాసేపటికి గాని తెలియలేదు. అద్దాల చట్రంలో పెట్టిన పాత ఫ్రెంచి పోస్టర్ నకలు అది. నలుపు తెలుపు కాలం నాటి నేరకథా సినిమాది. టోపీ నీడలో సగం ముఖం దాగిన మగవాడు, అతని భుజం మీదుగా మనవైపు చూసే స్త్రీ, కింద పసుపు అక్షరాలు. లేచి దగ్గరికి వెళ్లాను. ఎరుపు ఎక్కడా పెదవి గీత దాటలేదు.

“అమ్మమ్మా, అద్దం ముట్టుకోకుండ్రి, మరకలు పడ్తయ్,” అంది రిసెప్షన్‌లోని అమ్మాయి.

“ముట్టుకోవడం లేదమ్మా, కొలుస్తున్నాను,” అన్నాను.

ఇదే బొమ్మను నేనూ ఒకసారి ఇంత శుభ్రంగా చేశాను. దానివల్లే మా యజమాని నర్సింహులు గారు ఎలాంటి మనిషో నాకు తెలిసింది.

ఆయనకు కూకట్‌పల్లిలో అచ్చు ప్రెస్సు ఉండేది. వయసులో ఉన్నప్పుడు సినిమా హాళ్ల ముందు నిలబెట్టే పెద్ద బొమ్మలకు రంగులు వేశారు. “ఒకపారి విలన్‌కు నా మీసాలు పెట్టిన. జనం హీరోను ఇడిచిపెట్టి ఆనికి ఈలలేసిండ్రు,” అని చెప్పి తానే ముందు నవ్వేవారు. హైటెక్ సిటీలో ఆఫీసులు లేచాక వాటి గోడల బొమ్మలు మా దగ్గర అచ్చయ్యేవి. నేను యాభై రెండేళ్ల ఏడు నెలల వయసులో అక్కడ తనిఖీ పనికి చేరి, తొమ్మిదేళ్ల రెండు నెలలు చేశాను. మెషీను నుంచి వచ్చిన షీటును భూతద్దంతో చూసి, సరిగా ఉంటే వెనుక పెన్సిలుతో సంతకం, తేదీ, సమయం వేయాలి. ఆ షీటు మెషీను పక్కన వేలాడుతుంది. మిగతావన్నీ దానిలాగే రావాలి. నేను సంతకం చేసిన షీటు ఒక్కటీ తిరిగి రాలేదు. ఆ సంగతి నలుగురికీ చెప్పుకునేదాన్ని కూడా. చేరిన వారానికే ఆయన నన్ను కనిపెట్టారు. “నీ కన్ను మంచిగున్నది చెల్లె. గానీ తప్పు దొరికితే నీ మొఖం ఎలిగిపోతది. గది జర తగ్గించుకో.”

నేను చేరిన నాలుగో ఏట ఒక ఆఫీసువాళ్లు ఆ ఫ్రెంచి పోస్టర్ నలభై కాపీలు అడిగారు. శుక్రవారం ఉదయం పదింటికి అందాలి. అసలు పోస్టర్ వెడల్పు నూట ఇరవై సెంటీమీటర్లు, ఎత్తు నూట అరవై. మేము వేసేది అందులో సగం కొలత. అసలులో ఎరుపు కుడివైపుకు మూడు మిల్లీమీటర్లు జారి, పెదవి దాటి చెంప మీదికి వచ్చింది. మా కొలతకు అది ఒకటిన్నర మిల్లీమీటర్లు. అంతకన్నా తక్కువ తేడాకే నేను షీట్లు తిప్పి పంపేదాన్ని. కంప్యూటర్ పని చూసే శ్రీకాంత్‌ను ఎరుపు లోపలికి జరపమన్నాను.

“మేడం, ఒక్కసారి సార్‌ని అడుగుదామా?” అన్నాడు.

“కంటికి కనిపిస్తుంటే అడగడం ఎందుకు?” అన్నాను.

గురువారం మధ్యాహ్నం నాలుగు పదికి నలభై షీట్లూ ఆరుతున్నాయి. నర్సింహులు గారు లింగంపల్లిలో పెళ్లికి వెళ్లి అప్పుడే వచ్చారు. షీట్ల ముందు ఆగిపోయారు.

“ఏందిది? గీమె ఇంత మంచిదెప్పుడైంది? శ్రీకాంతూ, ఫైలు ముట్టినవారా?”

అంతకు ముందు నెలలోనే శ్రీకాంత్ ఒక పని చెడగొట్టాడు. ఇంకొక్కటి జరిగితే ఇంటికి పొమ్మని ఆయన అందరి ముందూ అన్నారు. శ్రీకాంత్ నేల చూస్తూ నిలబడ్డాడు. నా పేరు చెప్పలేదు. షీటు వెనుక నా సంతకం ఉన్నా, ఫైలు ఎవరు మార్పించారో ఎక్కడా రాసి ఉండదు కనుక, నేను నోరు మూసుకుంటే నా మచ్చలేని పేరు అలాగే ఉండేది. ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం.

“నేనే మార్పించానండి. అతను మిమ్మల్ని అడుగుదామన్నాడు. నేనే వద్దన్నాను.”

ఆయన కేకలేస్తారనుకున్నాను. స్టూలు లాక్కుని కూర్చుని, అసలు బొమ్మను తెర మీద పెట్టించారు. “సూడు చెల్లె. గా ఎరుపు జారిందానికే ఆమె ఏదో దాస్తున్నట్టున్నది. నువ్వు సాఫ్ జేసినవ్, పండ్లపొడి అమ్మేదాని లెక్కైంది.”

శ్రీకాంత్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు.

“అచ్చువేసినవాడి తప్పే కదండీ?” అన్నాను.

“తప్పే. కానీ ఆయన తప్పు. మన మెషీన్ తప్పు జేస్తే ఎంటికంత గూడ ఇడువకు. ఇంకొకల్ల చేతిపని ముట్టేముందు మాత్రం ఆగు. మనల్ని నకలు తియ్యమన్నరు, పరీక్ష పేపరు దిద్దమనలే.”

ఆఫీసువాళ్లకు నన్నే ఫోను చేయమన్నారు. జరిగింది చెప్పాను. “దిద్దినవే బాగున్నాయండి, అవే పంపించేయండి,” అంది అక్కడ ఫోనెత్తిన అమ్మాయి. నా ప్రాణం లేచి వచ్చింది. ఆ మాటే ఆయనకు చెప్పాను.

“గట్లనా? సరే మరి. సంతకం నీది, నువ్వే చెప్పు,” అని టీ తాగడానికి బయటికి వెళ్లిపోయారు.

అప్పుడాయన తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. ఆయన తిరిగి వచ్చేలోగా, అసలులాగే వేసి పంపుతామని ఆఫీసుకు మళ్లీ ఫోను చేసి, షీటు వెనుక నా సంతకాన్ని కొట్టేసి, అచ్చుకు కొత్త ప్లేట్లు చేయమని శ్రీకాంత్‌కు చెప్పాను. శుక్రవారం తెల్లవారుజామున ఐదున్నరకు మెషీను మొదలైంది. ఆరూ ఐదుకు, ఎరుపు ఒకటిన్నర మిల్లీమీటర్లు జారిన షీటు వెనుక సంతకం చేశాను. తొమ్మిదీ యాభైకి నలభై కాపీలూ ఆఫీసుకు చేరాయి. శ్రీకాంత్ ఆ తరువాత ఆరేళ్లు అక్కడే పనిచేశాడు.

నర్సింహులు గారు పోయి నాలుగేళ్ల ఐదు నెలలు. మొన్న గురువారం మా అపార్ట్‌మెంట్ సెక్యూరిటీ మల్లేశం ఒక పాత ఉత్తరం తెచ్చాడు. వాళ్ల నాన్న చనిపోయే ముందు రాసింది. మడతల దగ్గర చినిగిపోతోందని, మంచి కాగితం మీద ఎత్తి రాసిమ్మన్నాడు. మొత్తం పదిహేడు పంక్తులు. పదకొండో పంక్తిలో ఆ తండ్రి “నువ్వు రాకున్నా ఏం గాదు” అని రాసి, మీద అడ్డంగా రెండు గీతలు కొట్టేశాడు. వదిలేస్తే కాగితం శుభ్రంగా ఉండేది. నేను ఆ పంక్తి కూడా రాసి, పైన అలాగే రెండు గీతలు గీశాను.

మల్లేశం కొత్త కాగితం మీద వేలు పెట్టి చదువుతూ వచ్చి, ఆ గీతల దగ్గర ఆగాడు.

“రాకున్నా ఏం గాదంటడు, మల్ల కొట్టేసి రమ్మంటడు. మా నాయినే అమ్మా ఇది,” అన్నాడు.