ఉధ్నా అక్కకు చెప్పిన ఐదు నిమిషాల ప్రసంగం

సూరత్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సి అనే కంప్యూటర్ భాష మీద సదస్సు. మాట్లాడేవాళ్లకు తలా ఐదు నిమిషాలు, గంట కొట్టగానే దిగిపోవాలి. పిలుపు రాగానే సై అన్నాను. అసలు కారణం అదే ఊళ్లో ఉధ్నా అనే పేటలో ఉండే మా అక్క. నేను కంప్యూటర్‌తో చేసే పనేమిటో ఆమె అడిగిన ప్రతిసారీ నీళ్లు నమిలాను. ఈసారి హాల్లో కూర్చోబెట్టి మరీ చెప్పాలనుకున్నాను.

తొంభై ఎనిమిది చలికాలం. సికింద్రాబాద్‌లో మధ్యాహ్నం స్లీపర్ ఎక్కాను. ఎదుటి సీటులో మరమగ్గాల పనికి పోతున్న కరీంనగర్ పెద్దాయన నాకింత పులిహోర పెట్టి ధైర్యం చెప్పాడు: "ఉధ్నాల దారి తప్పినా ఫికర్ లేదు బిడ్డా. తెలుగులనే అడుగు, ఎవలన్న చెప్తరు."

మర్నాడు మధ్యాహ్నానికి సూరత్. స్టేషన్ నుంచి ఉధ్నాకు ఆటోవాళ్లు నోటికొచ్చింది అడుగుతారు, బస్సే మేలు. అక్క గది కిందే మరమగ్గాల షెడ్డు. వాటిని అక్కడ సాంచాలంటారు. సాయంత్రమంతా అక్క కండెలకు నూలు చుడుతుంటే, సదస్సులో తెలుగు నడవదు, అక్కకు ఇంగ్లీషు రాదు కాబట్టి హిందీలో ప్రసంగం సాధన చేశాను.

"జర గట్టిగ చెప్పు చెల్లె, ఏం ఇనవడ్తలేదు," అని తను అంటూనే ఉంది. నేను గొంతు పెంచుతూనే ఉన్నాను.

మర్నాడు పదకొండింటికి నా వంతు. అక్కను ముందు వరుసలో కూర్చోబెట్టి, మైకు ముందు అదే గొంతుతో మొదలుపెట్టాను. హాలు అదిరిపడింది. ప్రొఫెసర్లు చెవులు మూసుకున్నారు, విద్యార్థులు గొల్లుమన్నారు. సాంచాల చప్పుడులో నేర్చిన ప్రసంగం మరి! ఒకాయన పరుగున వచ్చి మైకు దూరం జరిపాడు. తేరుకుని దారిలో పడేసరికి గంట కొట్టేశారు. ఈసారీ అక్కకు చెప్పలేకపోయానని దుఃఖం ముంచుకొచ్చింది.

అక్క మాత్రం హుషారుగా డుమస్ బస్సెక్కించింది. సముద్రం ఒడ్డున భజియా అని అక్కడ పిలిచే వేడివేడి టమాటా బజ్జీలు తింటూ అడిగింది: "గా తర్వాత ముచ్చటేంది? మధ్యల్నే దింపిండ్రు గద."

పోగు తెగితే సాంచా ఆగినట్టే, లెక్కలో తప్పు దొర్లితే నా ప్రోగ్రాం ఆగిపోతుందని తీరిగ్గా చెప్పాను.

"మరి తెగిన పోగు ఎవలు అతుకుతరు?"

"నేనే అక్కా. అదే నా నౌకరి."

"ఓసి, గిదానే! గింత ముచ్చటకు ఇన్నేండ్లు సతాయించినవ్," అని నా వీపు మీద ఒక్కటేసి పడీపడీ నవ్వింది.

ఆ తర్వాత ఎన్నో ఊళ్లలో మాట్లాడాను, చప్పట్లూ కొట్టించుకున్నాను. సూరత్ అనగానే నాకు గుర్తొచ్చేది మాత్రం తిరుగు రైలు కదిలిన క్షణం. ప్లాట్‌ఫాం మీద ఎవరో తెలుగావిడకు నన్ను చూపించి అక్క గర్వంగా చెబుతోంది: "మా చెల్లె. కంప్యూటర్ల తెగిన పోగులు అతుకుతది."