వెనకబండిలో నాగరత్నం

నాగరత్నం చీరాల మగ్గాల ఇంటి పిల్ల. పద్యం ఎత్తుకుంటే జనంలో చివరి వరస దాకా గొంతు ఖంగుమనేది. ఆ గొంతు విని బసవేశ్వరరావు ఆమెను తెనాలిలోని తన నాటక సమాజంలో చేర్చుకున్నాడు. 1968లో ఆయన పాత జీపొకటి కొని, వెనక తగిలించడానికి రెండు చక్రాల రేకుల గది కట్టించాడు. మగవాళ్లు జీపులో ఎక్కేవారు. నాగరత్నం, వంటమనిషి ఆండాళమ్మ సామాను పెట్టెలతోపాటు గదిలో కూర్చునేవారు. కుదుపులకు తలుపు తెరుచుకుంటుందని గడియ బయట పెట్టించారు.

పొన్నూరు దాటి రోడ్డు తిన్నగా సాగేచోట డ్రైవరు పున్నయ్య వేగం పెంచాడంటే గది అటూ ఇటూ విసిరికొట్టినట్టు ఊగేది. పక్కనే కాలవ. రేకు మీద ఎంత బాదినా జీపు మోతలో ఎవరికీ వినపడేది కాదు. నాగరత్నానికి ఊపిరాడేది కాదు. బాపట్లలో దిగి చెబితే, బసవేశ్వరరావు ఆడవాళ్ల భయమని నవ్వేసేవాడు.

ఒకసారి వానకు వెనక మూల కారుతుంటే కిరీటాల పెట్టెలూ హార్మోనియమూ ముందుకు జరిపారు. ఆ రోజు రేపల్లె దాకా గది గీత గీసినట్టు నడిచింది. వానలు తగ్గాక, దించడానికి వీలని బసవేశ్వరరావు పెట్టెలు మళ్లీ వెనక తలుపు దగ్గరికి చేర్పించాడు. ఊపూ తిరిగొచ్చింది. నాగరత్నానికి కిటుకు తెలిసిపోయింది. పున్నయ్యకు చెబితే, అయ్యగారి మాట కాదనలేనన్నాడు.

బాపట్ల వెళ్తున్న ఒక మధ్యాహ్నం ఊపుకు ఆండాళమ్మ బల్ల మీంచి పడి నుదురు చిట్లింది. నాగరత్నం మోకాళ్ల మీద కూర్చుని పెట్టెలు ఒక్కొక్కటే ముందు గోడకు ఈడ్చింది. వేళ్లు నలిగాయి. నాలుగో పెట్టె చేరేసరికి గది కుదుటపడింది.

"ఏం చేశావమ్మా? స్టీరింగు ఉన్నట్టుండి నా మాట వింది" అన్నాడు పున్నయ్య, తలుపు తీస్తూ.

"బరువు ముందుకు లాగానన్నయ్యా. కాస్త బరువు జీపు కొక్కెం మీద పడాలి."

ఆండాళమ్మ నుదురు చూశాక బసవేశ్వరరావు పెట్టెలు ముందే ఉంచడానికి ఒప్పుకున్నాడు. గడియ కూడా లోపలికి మార్పించమని నాగరత్నం అడిగింది.

"దారిలో నువ్వు దిగిపోతే నా ఆట ఏం కావాలి?" అన్నాడాయన, నెమ్మదిగానే.

అన్నాళ్లూ ఆ గడియ కుదుపుల కోసమే అనుకుంది నాగరత్నం.

అప్పట్నుంచి ప్రతి ఊళ్లోనూ పెట్టెలు ఎక్కించాక పున్నయ్య ఆమెను పిలిచి చూపించేవాడు. చూసి, తలూపి, లోపలికి ఎక్కేది; గడియ బయటే పడేది. 1974లో సమాజం మూతపడేదాకా ఆమె అలాగే తిరిగింది. గది మళ్లీ ఊగలేదు.