ఖర్చు లేని భూతం

ఎవరైనా వేరుశెనగకాయ చిట్లించిన చప్పుడు వింటే చాలు, ఇప్పటికీ నా చూపు ముందు ఆకాశం మీదికి పోతుంది. మొన్న పక్కింటి అరుగు మీద ఎండుకాయలు ఒలుస్తుంటే, ఆ పొట్టు వాసనకి శారదమ్మ మేడం గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో కదిరిలో మాకు ఫిజిక్స్ చెప్పేవారు, మా ఇంట్లోనే ఒక భాగంలో అద్దెకుండేవారు. నల్లమాడ రైతు కూతురు. పాఠం చెబుతూనే కిటికీలోంచి మబ్బు చూసుకునే మనిషి.

ఒకరోజు క్లాసులో ఒక భూతాన్ని పరిచయం చేశారు. రెండు గదుల మధ్య చిన్న తలుపు దగ్గర కూర్చుని, వేగంగా వచ్చే గాలి అణువులను ఒక గదిలోకి, నెమ్మదివాటిని ఇంకో గదిలోకి పంపుతుందట. ఏ ఖర్చూ లేకుండా ఒక గది చల్లబడుతుంది, రెండోది వేడెక్కుతుంది. వేడి తనంతట తాను చల్లని చోటి నుంచి వేడి చోటికి పోదన్న నియమం ఓడిపోయినట్టేనా అని అడిగి, జవాబు చెప్పకుండానే వెళ్ళిపోయారు. రేకుల కింద ఉడికిపోతున్న మాకు అలాంటి భూతం ఒకటి దొరికితే చాలనిపించింది.

ఆ ఏడు జూన్‌లో మబ్బు పట్టింది. మా వైపు విత్తనపు కాయలు వాన పడేదాకా ఒలవరు. ఒలిచిన గింజ నిలవదు, మొలక చచ్చిపోతుంది. వరస కరువులతో నాయనకు ఓపిక నశించింది. ఉరుము వినగానే మూటలన్నీ విప్పించాడు. ఇంటిల్లిపాదీ ఒలిచాం, మేడంతో సహా. సాయంత్రానికి గాలి లేచి మబ్బును ఎటో తరుముకుపోయింది. ఒలిచిన గింజను మళ్ళీ కాయలో పెట్టగలిగేవాడెవడు? వేరే విత్తనం లేదు.

వాన రాలేదు, గింజలకు పురుగు మొదలైంది. అమ్మ రోజూ చాట ముందేసుకుని ఒక్కొక్క గింజా చూసి చెడ్డవి ఏరేసేది. నేను తెలివిగా మేడంతో అన్నాను, మన ఇంట్లోనే భూతం ఉందని, ఖర్చు లేకుండా మంచినీ చెడునూ వేరు చేస్తోందని. ఆమె నవ్వలేదు.

"ఖర్చు లేదని ఎవురు చెప్పినారప్పా? మీయమ్మ కండ్లు చూడు. ఒక్కో గింజనూ చూడల్ల, గుర్తుపెట్టుకోల్ల, దాన్ని మరిసిపోయి ఇంకోదాన్ని చూడల్ల. ఆ భూతమైనా అంతే. ఆడ పడతాది ఖర్చు."

అమ్మ కళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. అప్పుడే చూశాను.

వాన ఆలస్యంగా వచ్చింది. నాయన విత్తాడు. సాళ్ళలో సగం మొలవలేదు. మేడం చేను గట్టు మీద నిలబడి చూసి, "మొలిసినంత మటుకు మీయమ్మ కండ్ల పుణ్యమే" అన్నారు.

ఇప్పుడు నేనూ ఆ పాఠమే చెబుతున్నాను. ఏదైనా ఊరికే వచ్చిందని ఎవరైనా అంటే, ఎవరి కళ్ళు ఎర్రబడ్డాయో వెతుక్కుంటాను.