అల్లుడి స్థలంలో అత్త తొవ్వ

లాల్‌గడి మలక్‌పేట్ లేఅవుట్‌లో మా ఇంటి గోడలు లేస్తున్న రోజుల్లోనే పక్క పొలం ఆమె నా భార్యతో వరస కలిపింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. ఇసుక కుప్ప పక్కన కూర్చుని ఊరు, పుట్టిల్లు, తోబుట్టువులు అన్నీ అడిగి చివరికి తేల్చింది.

“నాకు ఆడపిల్ల లేదు. నువ్వు నాకు బిడ్డవైతవు. గట్లైతే సారు అల్లుడు.”

నా భార్య కృష్ణా జిల్లా మనిషి, ఒక్కర్తే సంతానం. ఆ మాటకు మురిసిపోయింది. నేను మాత్రం డైరీలో ‘పొరుగామె వరస కలిపింది, కారణం తెలియదు’ అని రాసుకున్నాను. కారణం లేకుండా ఎవరూ చుట్టరికం కలపరని నా అనుభవం. గుండ్లపోచంపల్లిలో అద్దెకున్నప్పుడు ‘అన్నయ్యగారూ’ అంటూ వచ్చిన కింది వాటా ఆయన నా నిచ్చెన పట్టుకెళ్ళి, ఇల్లు మారేటప్పుడు దాన్ని తన సామానుతో పాటు లారీకెక్కించాడు.

ఈమె కారణం ఏమిటో వారం తిరగకుండానే కనబడింది. నా స్థలం వాయవ్య మూలను కోసుకుంటూ ఒక కాలిబాట ఉంది. ఇక్కడివాళ్ళు తొవ్వ అంటారు. లేఅవుట్ పడకముందు నుంచీ ఆమె ఆ తొవ్వనే పొలానికి వెళ్ళి బర్రెలకు గడ్డిమోపు తెచ్చుకునేది. నేను ప్రహరీ కడితే మోపు నెత్తిన పెట్టుకుని లేఅవుట్ అంతా చుట్టి రావాలి. ప్లాను ప్రకారం ఆ మూల నాదే. నన్ను అల్లుణ్ణి చేసుకున్నది అందుకేనని నిశ్చయించుకున్నాను. అత్త నడిచే తొవ్వకు ఏ అల్లుడూ అడ్డంగా గోడ కట్టడు కదా.

“మీకు ప్రతిదీ అనుమానమేనండీ,” అంది నా భార్య. “ఆవిడ ఒక్కసారైనా దారి మాట ఎత్తిందా?”

“ఎత్తకపోవడమే నా అనుమానం.”

నిజంగానే ఆమె ఎత్తలేదు. పైగా అల్లుడన్న నాటి నుంచి నాకు ఎదురుపడటమే మానేసింది. నేను స్థలంలో ఉంటే మోపుతో దూరానే ఆగి, కొంగు సవరించుకుని అటు తిరిగి నిలబడేది. ముఖం చాటేయడం మనసులో ఏదో ఉన్నవాళ్ళ లక్షణంగా జమకట్టి, మేడ్చల్ నుంచి మేస్త్రీని పిలిపించాను.

ప్రహరీకి పునాది తీస్తున్న ఉదయం ఆమె కొడుకు వచ్చాడు. షామీర్‌పేటలో ఆటో నడుపుతాడు. అంతకుముందు నన్ను ‘సార్’ అనేవాడు. ఆ రోజు మేస్త్రీ ఎదుటే నా భుజం మీద చెయ్యేశాడు.

“ఏం బావా, మస్తు గట్టిగ కడుతున్నవ్. మా అక్క ఉరికిపోతదని బుగులా?”

నా భార్య పారిపోతుందని నాకు భయమట. మేస్త్రీ నవ్వాడు. నాకు కోపం వచ్చింది. ఏం కావాలో సూటిగా చెప్పమన్నాను.

“తొవ్వ కావాలె. ఇంకేంది?”

“ఆ మాట మీ అమ్మగారు అడగొచ్చుగా? ఇన్నాళ్ళూ ఎందుకు దాచారు?”

అతను నన్ను వింతగా చూశాడు. “అల్లున్ని అత్త అడుగుతదా? మీ దిక్కు అడుగుతరా? నిన్ను అల్లున్ని జేసినంక అమ్మకు ఇగ అడిగే మొఖం లేదు. నువ్వు ఉత్త సారువే అయితే ఎప్పుడో వచ్చి కొట్లాడుతుండె. నాకైతే అడ్డమేంది, బామ్మర్దిని. అడుగుత, తిడుత గూడ.”

మా వైపూ ఈ వరసలన్నీ ఉన్నాయి. కానీ ఇరుగుపొరుగుతో వరస కలపడం మాకు నోటి మర్యాద వరకే. ఆ పిలుపుతో పాటు ఎవరు నోరు తెరవొచ్చో, ఎవరు ఆటపట్టించవచ్చో, ఎవరు పక్కకు తప్పుకోవాలో కూడా నిర్ణయమైపోతుందని నేను ఊహించలేదు. ఆమె నన్ను కట్టేసిందనుకున్నాను. నోరు కట్టేసుకున్నది ఆమె.

అయినా అనుమానం తీరలేదు. తాను అడగరానిచోటికి అడగగలిగే కొడుకును పంపడమూ ఉపాయమే.

“అమ్మ పంపిందా?”

“పంపుడా? నేనొచ్చినట్టు తెలిస్తే ఈపు పగులగొడ్తది. గేటు పెట్టు బావా. గంత నమ్మకం లేకుంటే తాళం నీ దగ్గర్నే ఉంచుకో.”

తాళం సంగతి ఆలోచించాను. తాళం వేస్తే ఆమె నన్ను అడగాలి. ఆమె అడగదు. అప్పుడు గేటు పెట్టినా గోడ కట్టినా ఒకటే.

తొవ్వ గోడను దాటే రెండు చోట్లా మోపుతో మనిషి పట్టేంత ఖాళీ వదలమని మేస్త్రీకి చెప్పాను. ఆ గేట్లకు తాళాల్లేవు, రెండు వైపుల నుంచీ తీయగలిగే గడియలు మాత్రమే. అయితే ఆ మూల నాదేనని బామ్మర్ది చేత మేస్త్రీ సాక్షిగా ఒప్పించుకున్నాను.

“నీదే బావా, మాదెట్లయితది,” అన్నాడు. “మా అక్కను గూడ నీకే ఇస్తిమి.”

ఇప్పుడు సాయంత్రాలు ఆమె పొలం వైపు గేటు అవతలికి వచ్చి ఆగుతుంది. గడియ ముట్టదు, ఎవరినీ పిలవదు. నేను పెరట్లో ఉన్నంతసేపూ అటు తిరిగి నిలబడే ఉంటుంది. అది మర్యాదో, నన్ను నా పెరట్లోంచే పంపించే పద్ధతో నాకింకా తేలలేదు. పచ్చిగడ్డి మోపు బరువుగా ఉంటుంది. కుర్చీ తీసుకుని లోపలికి వెళ్తాను.