చాండ్లర్‌లో మట్టి కమాను

1983 వేసవిలో ఎడారి ఊరు చాండ్లర్ శివార్లలో ఒక కమ్యూనిటీ హాలు లేస్తోంది. దాని కప్పు బరువు లెక్కలన్నీ ఆనందబాబువి. తెనాలి నుంచి ఈ దేశానికి వచ్చిన ఇంజినీరు. తను సంతకం పెట్టిన కట్టడం కూలితే ఎలా అన్న భయంతో మనిషిని గాని, గోడని గాని నమ్మేవాడు కాదు.

ఆ హాలు కోసం నైజీరియాలోని కానో నుంచి దాన్‌లాదీ అనే మేస్త్రీని పిలిపించారు. తరతరాలుగా హౌసా ఇళ్ళు కట్టే కుటుంబం ఆయనది. పొట్టి తాటిదూలాలను ఒకదాని మీదొకటి కాస్త ముందుకు జరుపుతూ పేర్చి, మట్టి మెత్తి, నడుమ స్తంభం లేకుండా కమాను లేపుతారు వాళ్ళు. ఆనందబాబు పనిచేసే ఆఫీసువాళ్ళకి ఆ అందం కావాలి, ధైర్యం మాత్రం చాల్లేదు. లోపల ఇనుప చువ్వలు పెట్టాలని అతని చేత డ్రాయింగులో గీయించారు.

అక్కడ తాటిదూలాలు దొరక్క దాన్‌లాదీ మెస్కీట్ కర్ర తెప్పించాడు.

"అది మన సర్కారు తుమ్మే లూసీ! పొయ్యిలో పెట్టే కర్రతో కప్పు లేపుతాడట," అన్నాడు ఆనందబాబు ఇంటికెళ్ళి.

"మీకు నమ్మకం కుదిరేదెప్పుడు? మొన్న చర్చిలో మైకు స్టాండు కూడా ఊపి చూశారుగా," అంది భార్య.

ఒక కమాను మీద రోజూ పచ్చి మట్టి కనిపిస్తోంది. అడిగితే దాన్‌లాదీ, "పూత సరిచేస్తున్నాను," అనేవాడు, కళ్ళు తిప్పుకుని. ఆదివారం పనివాళ్ళు లేనప్పుడు ఆనందబాబు నిచ్చెనెక్కి స్క్రూడ్రైవర్‌తో గీకాడు. కర్ర తగిలింది. ఇంకా గీకాడు. చువ్వ లేదు.

మర్నాడు నిలదీశాడు. "నా డ్రాయింగులో ఉన్నదేమిటి, మీరు పెట్టిందేమిటి?"

"పెట్టాను. ఎండకి ఇనుము సాగి మట్టిని చీల్చింది. తీసేశాను."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే పని ఆపేస్తారు." దాన్‌లాదీ గొంతు తగ్గించాడు. "ఈ కర్రతో నాకూ ఇదే మొదటిసారి. నిలబడుతుందో లేదోనని రోజూ మట్టి గీకి చూసి మళ్ళీ మెత్తుతున్నాను."

ఆ మాట విన్నాకే ఆనందబాబుకి ఆయన మీద కాస్త గురి కుదిరింది. అయినా పని ఆపించాడు. కప్పు మీద ఇసుక బస్తాలు పేర్పించి, కింద ఎవర్నీ అడుగు పెట్టనివ్వకుండా మూడు రోజులు కొలిచాడు. కమాను పావంగుళం దిగింది. బస్తాలు దించగానే మళ్ళీ పైకి లేచింది. రెండుసార్లు కొలిచి, టేపులో తప్పుందేమోనని ఇంకో టేపు తెప్పించి కొలిచాడు. తర్వాత చువ్వల్లేకుండా కొత్త డ్రాయింగు గీసి, ఏటా తనే తనిఖీ చేస్తానని రాసిచ్చి సిటీ ఆఫీసులో అనుమతి తెచ్చాడు.

ఆ తర్వాత ఆఫీసువాళ్ళు ఒక బ్యాంకు కట్టారు. అంతా కాంక్రీటే, పైన మాత్రం హౌసా నగిషీలు అతికించారు. దాని కాగితాలు సంతకానికి తనకివ్వొద్దన్నాడు ఆనందబాబు.

1987 ఆగస్టు వానల తర్వాత హాల్లో ఒక దూలానికి పురుగు పట్టినట్టు కనిపెట్టాడు. కానో తిరిగెళ్ళిన దాన్‌లాదీకి ఉత్తరం రాశాడు. ఆరు వారాలకి జవాబొచ్చింది, దూలం మార్చే తీరు గీసిన బొమ్మలతో సహా. శనివారం లూసీ కింద నిచ్చెన పట్టుకుంటే, ఆనందబాబు చొక్కా చేతులు మడిచి, గడ్డి కలిపిన మట్టిని తనే తొక్కి, కొత్త దూలం ఎక్కించాడు.