మా సావిడి బడి విలీనమైన ఏడు

తెల్లారగానే మా వాకిట్లో కాన్వెంటు వ్యాను హారను మోగింది. మా తాతగారి జమీందారీ రోజుల్లో ఆ వాకిట్లో చెప్పులు కూడా చప్పుడు చేసేవి కావు. ఇప్పుడు ఇల్లు సగం కూలింది, మర్యాద పూర్తిగా కూలింది. డ్రైవరు ఒక చెయ్యి హారను మీద వేసి రెండో చేత్తో బీడీ కాలుస్తాడు. ఆ మోత విన్నప్పుడల్లా నాకు మా మేనత్త గుర్తొస్తుంది, ఆవిడతోపాటు ఆ పసుపు బండి మింగేసిన మా ఊరి బడీ గుర్తొస్తుంది.

బడి నడిచింది ఒకప్పటి మా కచేరీ సావిడిలో. తాతగారు దాన్ని సర్కారుకి ఇచ్చేశారు. ఇచ్చిన వస్తువు వైపు మళ్ళీ చూడటం మర్యాద కాదని మావాళ్ళ నమ్మకం. అంచేత పెంకులు జారినా ఎవరూ చూడలేదు, మా ఇంటి పిల్లలు ఏ బడికి వెళ్తున్నారో అదీ చూడలేదు. చదువు పిల్లల హక్కని చట్టం వచ్చిన కొన్నేళ్ళకి ఒకనాడు, మా ఊళ్ళోనే ఉంటూ భావనపాడు రేవు నుంచి చేపలు తెచ్చి అమ్ముకునే మనిషి గంప దించి కబురు చెప్పింది.

"బడెత్తీస్తారంట అమ్మగోరూ. పిల్లలు సాల్లేదంట."

"ఎవడే ఎత్తేది? మా నాన్న ఇచ్చిన సావిడి!" అంది అత్త.

"సావిడుంది, పిల్లలేరీ? అందరూ యాను ఎక్కీసినారు. మా గుంట పక్కూరి బడికెల్లాలంటే హైవే దాటాల, ఆ లారీల మజ్జిన."

"ఊళ్ళో వాళ్ళకి బుద్ధి లేదు."

"మీ మనవడూ ఎక్కీసినాడు గదమ్మా. బుద్దిగానే కూకుంటాడు, టై కట్టుకోని."

అత్త ఆ రోజు చేపలు కొనలేదు. మర్నాడు వ్యాను మెట్టు మీదున్న మనవణ్ణి చొక్కా పట్టి దింపి, టై లాగేసి, సావిడి దాకా నడిపించి చేపలామె కూతురి పక్కన కూర్చోబెట్టింది. వాడి ఏడుపు వీధంతా విన్నది. సిగ్గుపడి మరో నాలుగిళ్ళ వాళ్ళు తమ పిల్లల్ని దింపారు.

తర్వాతి వారం జీపులో అధికారి వచ్చాడు. బడి నిండుగా ఉండటం ఆయనకి నచ్చలేదు. "ఆర్డరు ముందే అయిపోయిందండీ. మూసివేత కాదు, విలీనం," అన్నాడు. పిల్లల్ని నడివీధిలో వదిలే పనికి ఎంత శుభ్రమైన మాట! చట్టం సంగతేమిటని అడిగాను. "హక్కు ఎక్కడికీ పోలేదండీ. పక్కూళ్ళో ఉంది," అన్నాడు.

"అయితే ఆ లారీలకి సెప్పండి బాబూ, మా గుంటకి అక్కుందని," అంది చేపలామె.

ఆయన నవ్వాడు. పైగా అత్తకి ధైర్యం చెప్పాడు: "మీవాణ్ణి మళ్ళీ కాన్వెంటుకే పంపండి. మా పిల్లలూ అక్కడే." ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పటికీ నోరు కడుక్కోవాలనిపిస్తుంది. మా తాత ఇచ్చింది దానం. ఇవ్వకపోతే నిలదీసే హక్కు ఎవరికీ లేదు. సర్కారుది దానం కాదు, తాను రాసుకున్న చట్టం. అయినా ముష్టి వేస్తున్నట్టు మొహం పెట్టి, ఆ ముష్టిని కూడా వెనక్కి లాక్కుంది. మా జమీ పోయింది గాని జమీందారీ ఎక్కడికీ పోలేదు, జీపెక్కింది.

అత్త మనవడు మళ్ళీ టై కట్టుకున్నాడు. వాడికి ఎక్కడానికి వ్యానుంది. ఆ పిల్లని తల్లి కొన్నాళ్ళు చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది. కాని బడివేళకే రేవులో చేపల వేలం. వేలం వదిలితే ఆ పూట పొయ్యి వెలగదు. కొన్నాళ్ళకి గంప వెనకాల పిల్ల కూడా మా ఇంటికి రావడం మొదలైంది. అది వచ్చిందంటే అత్త లోపలికి వెళ్ళిపోయేది, బేరం నేనే ఆడేవాణ్ణి.

ప్రభుత్వాలకి ఒక ఐదేళ్ళు పోతే మరో ఐదేళ్ళు వస్తాయి. ఆ పిల్లకి ఎనిమిదో ఏడు ఒక్కసారే వచ్చింది, మా గుమ్మం ముందు చేపల పొలుసు గీస్తుండగా గడిచిపోయింది.