చప్పుడు ఉండనీ అన్నా

పొద్దున చూస్తే నా ఒంటి చక్రం సైకిల్ ఇరుసు చుట్టూ పసుపు పొడి గడ్డకట్టి ఉంది. మా పసుపు కల్లంలోనే తొక్కుతాను కాబట్టి అది మామూలే. కానీ టైరు అరిగింది, ఒక పెడల్ వదులైంది, చక్రం తిరిగినప్పుడల్లా కీచుమంటోంది.

నిన్న పక్కింటి పెదనాన్న హమాలీలందరి ముందు, "సర్కస్‌ల చేరుతవా బిడ్డా? నీ సప్పుడుకు పగటిపూట కన్నంటుకుంటలేదు" అన్నాడు. దాన్ని పాత సామాన్లవాడికి వెయ్యమని నాన్నకు చెప్పాడు. పసుపు పాలిష్ డ్రమ్ము పక్కనే గడగడలాడినా గురక ఆపని మనిషి ఆయన. నేను ఎప్పటిలాగే తల వంచుకొని లోపలికి వెళ్ళిపోయాను.

ఈ రోజు ఆర్మూర్ బస్టాండ్ దగ్గరి సైకిల్ షాపుకు తీసుకెళ్ళాను.

"బాగుచేసుడు కంటె కొత్తది కొన్కుంటె నయం చెల్లె. కొత్తదైతె సప్పుడే రాదు," అన్నాడు షాపాయన.

అప్పటిదాకా కొత్తదే కొందామనుకున్నాను. ఆ చివరి మాటతో మనసు మారింది.

"వద్దన్నా. టైరు, పెడల్ మార్చు. సప్పుడు మాత్రం ఉండనీ."

"గట్లనే తొక్కితె పడవు గని, వాడకట్టంత లేస్తది!"

"వాడకట్టంత వద్దు. ఒక్కలు లేస్తె చాలు."

తెలియని మనిషితో నేను ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదలు. మధ్యాహ్నం పెదనాన్న మంచం ఎక్కేదాకా ఆగి, ఆయన కిటికీ కింద హాయిగా చుట్లు తిరిగాను. ఆయన కిటికీ తెరిచాడు, నోరూ తెరిచాడు. వెనక పెద్దమ్మ నిలబడి ఉండటం చూసి రెండూ మూసుకున్నాడు.

ఇంత పగ మంచిదేనా? మీరే చెప్పండి. కాదన్నా రేపు మళ్ళీ తొక్కుతాను.

ఆ సైకిల్ నాకు కొనిచ్చింది పెద్దమ్మే.